మిద్దె మీద అడవి ఐరిస్ పెంచాలా, వద్దా?

(హనుమకొండలో ఒక మిద్దె తోట. వదిన చెయ్యి పెడితే కట్టె కూడా చిగురేస్తుందని వాడకట్టంతా అంటారు. ఆడబిడ్డ డిగ్రీ కాలేజీలో బాటనీ చెప్తుంది. వదిన ఫోన్‌లో ఐరిస్ అనే పూలమొక్క దుంపలు అమ్మే ఒక ఆన్‌లైన్ ప్రకటన: “అరుదైన హిమాలయ అడవి ఐరిస్, ఒక్కో దుంప 850 రూపాయలు.” మూడు దుంపలు కార్ట్‌లో వేసి ఉన్నాయి. డబ్బులు ఇంకా కట్టలేదు.)

వదిన: మూడు దుంపలకు ఇంత రాద్ధాంతమా?

ఆడబిడ్డ: ఇందులో రాసింది ఐరిస్ కెమావొనెన్సిస్ అని. అది ఉండేదే రెండున్నర వేల మీటర్ల పైన. చలికాలమంతా మంచు కింద పడుకుని, మంచు కరిగాక లేస్తుంది. మన దగ్గర డిసెంబర్ రాత్రి 13 డిగ్రీలకు దిగితే మనం స్వెట్టర్లు తీస్తాం, దానికి అది చలే కాదు. మే నెలలో 44 డిగ్రీల ఎండకు ఈ మిద్దె స్లాబు ఎట్లా కాలుతుందో నాకంటే నీకే ఎక్కువ తెలుసు.

వదిన: బ్రహ్మకమలం హిమాలయాలది కాదా? నా కుండీలో పూస్తే రాత్రి పన్నెండింటికి వచ్చి ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నది ఎవరు?

ఆడబిడ్డ: పెట్టుకున్నాను. కానీ నీ కుండీలోది మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్. అసలు బ్రహ్మకమలం పొద్దుతిరుగుడు కుటుంబం మొక్క, 4,000 మీటర్ల ఎత్తున రాళ్ళ మధ్య పూస్తుంది. దాన్ని తెచ్చి ఇక్కడ పెడితే వారం కూడా ఉండదు.

వదిన: చలే కదా కావాల్సింది. ఫ్రిజ్‌లో పెడతా. తులిప్ గడ్డలు అట్లనే పెడుతున్నారు.

ఆడబిడ్డ: చలి ఫ్రిజ్‌లో దొరుకుతుంది. తర్వాత వచ్చే ఎండాకాలాన్ని ఏం చేస్తావు?

వదిన: హిమాలయం వద్దు, పో. ఎండదేశం ఐరిస్ తెప్పిస్తా. జోర్డాన్ జాతీయ పుష్పం నల్ల ఐరిస్. దానికి ఎండ కొత్తా?

ఆడబిడ్డ: ఎండ కొత్త కాదు, వానే తిరకాసు. అక్కడ వాన చలికాలంలో పడుతుంది, ఎండాకాలమంతా నేల పొడి. మొక్క ఆకు రాల్చి ఆ పొడినేలలో పడుకుంటుంది. సరిగ్గా అది పడుకునే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మనకు ముసురు. తడిలో పడుకున్న దుంప కుళ్ళకుండా ఉంటుందా?

వదిన: వాన పడని చోట పెడతా. అడీనియంలను ముసుర్లో ఎక్కడ పెడుతున్నా? ఆ పాలిథిన్ షీటు కిందే. నాలుగు నెలలు చుక్క నీళ్ళు పోయను. ఒక పాలు ఎర్ర చెల్క మట్టి, రెండు పాళ్ళు ఇసుక, ఒక పాలు సన్న కంకర. కొకోపీట్ పేరెత్తను.

(ఈ జవాబుకు మార్కులు వదినకే వేయాలి. ఇంగ్లండ్‌లో ఈ జాతి ఐరిస్‌లు పెంచేవాళ్ళు చేసేది ఇదే, కాకపోతే వాళ్ళది అద్దాల కప్పు.)

ఆడబిడ్డ: సరే, బతికించావే అనుకుందాం. దేనికి?

వదిన: దేనికంటావేంది? అడవిలో పోతున్న మొక్క నా దగ్గర మిగిలితే మంచిదేగా. చిలీలో ఒక నీలి పువ్వు, టెకోఫిలియా అట. కొండల మీద అంతరించిపోయిందనుకున్నారు. తోటల్లో మాత్రం బతికే ఉంది. 2001లో గానీ మళ్ళీ కొండ మీద కనబడలేదు.

ఆడబిడ్డ: అన్నీ చదివావు గానీ, కొండ మీద ఎట్లా పోయిందో చదవలేదా? పశువులు మేసినవి కొన్ని, తోటల వాళ్ళకు అమ్మడానికి తవ్వుకుపోయిన గడ్డలు మరిన్ని. ఇంట్లో నిప్పు పెట్టినవాడే నీళ్ళ బిందె పట్టుకొస్తే సన్మానం చేద్దామా?

వదిన: తవ్వింది వాడు. నేను కాదు.

ఆడబిడ్డ: ఫోన్ ఇటియ్యి. ఈ ఫోటో పెద్దది చేసి చూడు. నర్సరీ దుంపలైతే ఎట్లుంటాయి? అన్నీ ఒక్క సైజు, ఆకులు కత్తెరతో విసనకర్రలాగా కోసి ఉంటాయి, వేళ్ళు కడిగి ఉంటాయి. ఇవి చూడు. ఒకటి బొటనవేలంత, ఇంకొకటి దానికి మూడింతలు. ఈ చివర కోసింది కాదు, విరిగింది. వేళ్ళకు నాచు, కుళ్ళిన ఆకులు. ఇక్కడ గడ్డిపోచ కూడా ఉంది. గునపం పెట్టి పెకిలించిన ముక్క ఇది.

(వదిన చాలాసేపు ఫోటోనే చూసింది.)

వదిన: తవ్వనైతే తవ్వారు. నేను కొనకపోతే అవి గోదాములో ఎండిపోతాయి. అంతేగా?

ఆడబిడ్డ: నువ్వు కొని ఐదు స్టార్లు ఇస్తే వచ్చే సీజన్‌లో ముప్పై తవ్వుతాడు. అయినా ఏ కొండ మీదివో ఎవరికి తెలుసు? ఉత్తరాఖండ్‌లో వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ ఉందే, అక్కడా ఈ ఐరిస్ ఉంటుంది. అది నేషనల్ పార్కు, అక్కడ ఆకు తెంపినా నేరమే.

వదిన: కాదని ఎవరన్నారు? మరి మొక్కను కాపాడాలంటే ఇంట్లో పెంచొద్దు, కొనొద్దు, తాకొద్దు. మీ కాలేజీలో ఎండబెట్టి అట్టకు అతికిస్తే మాత్రం కాపాడినట్టా?

ఆడబిడ్డ: కాదు. నువ్వు అన్నావని కోపం రాదు గానీ... ఒక్క సంగతి విను. ఇజ్రాయెల్ తీరంలో, నెతన్యా ఊరి దగ్గర ఇసుక నేలల్లో ముదురు ఊదా ఐరిస్ ఒకటి ఉంది, అట్రోపర్ప్యూరియా. ఊళ్ళు పెరిగి దాని నేల పోతోంది. ఆ పువ్వులో తేనె ఉండదు. సాయంత్రం మగ తేనెటీగలు ఆ నల్లటి గూట్లోకి దూరి రాత్రి అక్కడే పడుకుంటాయి. పొద్దున ఎండ తగలగానే ఆ ముదురు రంగు ముందుగా వేడెక్కుతుంది, ఈగ వెచ్చబడి ఎగురుతుంది. మర్నాడు సాయంత్రం ఇంకో పువ్వులో బస. పుప్పొడి ఆ బసలతోనే మారుతుంది. నీ మిద్దె మీద ఆ ఈగ ఏది?

వదిన: ఈగ లేకపోతే నేనున్నా. సొరపువ్వు సాయంత్రం విచ్చుకోగానే మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రాసేది ఎవరనుకున్నావు? మీ అన్నయ్యా?

ఆడబిడ్డ: సొరకు ఒకే తీగ మీద రెండూ దొరుకుతాయి. ఆ ఊదా ఐరిస్‌కు సొంత పుప్పొడి పట్టదు. ఒక్క దుంప నుంచి చీల్చిన కుండీలు పది ఉన్నా అవన్నీ ఒకే మొక్క కిందే లెక్క, గింజ కట్టదు. నువ్వు కొనే మూడు దుంపలూ ఒక్క గుబురులోవైతే? ఎక్కడివో వాడికే తెలియదు. ఊరు, పేరు తెలియని మొక్కతో ఏ అడవినీ మళ్ళీ నింపలేం.

వదిన: అంటే ఎక్కడిదో రాసి ఉండాలి, వేర్వేరు గింజల నుంచి మొలిచినవి ఉండాలి. అట్లయితే పెంచొచ్చునా?

ఆడబిడ్డ: అట్లయితే నేనే కుండీలు మోస్తా.

(నా లెక్కలో వాదం ఇక్కడే మలుపు తిరిగింది. వదిన ఓడిపోలేదు, షరతు రాయించుకుంది.)

వదిన: గింజలే తెప్పిద్దాం. బయటిదేశం వాళ్ళు కవర్‌లో పెట్టి పంపిస్తామంటున్నారు.

ఆడబిడ్డ: 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం ఇంపోర్ట్ పర్మిట్ కావాలి, చీడలు, తెగుళ్ళు లేవని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి. కవర్‌లో దాచి పంపేవాడు ఆ రెండూ ఇయ్యడు. అంత టెన్షన్ ఎందుకు, మన ఎండకు తట్టుకునే ఐరిస్ ఒకటి ఉంది. ఐరిస్ డొమెస్టికా. 2005 దాకా బెలంకాండా అనేవాళ్ళు, జన్యువులు చూసి ఐరిస్‌లలో కలిపారు. నారింజ రంగు మీద ఎర్ర చుక్కలు. కాయ పగిలితే లోపల నల్లటి గింజల గుత్తి. పువ్వు ఒక్కరోజే ఉంటుంది, వాడేటప్పుడు బట్ట పిండినట్టు మెలి తిరుగుతుంది.

వదిన: అది అరుదైనదా?

ఆడబిడ్డ: కాదు. చాలా తోటల్లో ఉంది.

వదిన: మరి నేనడిగిందేంది, నువ్విచ్చేదేంది?

ఆడబిడ్డ: నీకు అడవి మొక్క కావాలా, ఎవరి దగ్గరా లేని మొక్క కావాలా?

వదిన: రెండూ. దాచుకోవడం దేనికి? పక్కింటామె మిద్దె ఎక్కి ‘ఇదేం పువ్వు’ అని అడగాలి. అది తప్పా?

ఆడబిడ్డ: తప్పేం కాదు. అట్లా అడిగించుకోవాలంటే అడవినాభి పెట్టు. ములుగు దారిలో వానాకాలం కంచెల మీద మంటలా పూస్తుంది, ఆకు కొసతోనే తీగను పట్టుకుని పాకుతుంది.

వదిన: దాని గడ్డ తింటే ప్రాణం పోతుందని మా నాయన చెప్పేవాడు. పాకే మనవడు ఉన్న ఇంట్లోనా? బాటనీ చదివి చెప్పే సలహా ఇదేనా?

ఆడబిడ్డ: అది నిజమే. నాభి వద్దు.

వదిన: కార్ట్ ఖాళీ చేస్తున్నా, చూసుకో. ఆ చుక్కల ఐరిస్ గింజలు మీ కాలేజీ తోటలో ఉన్నాయా?

ఆడబిడ్డ: ఉన్నాయి. కాయ ఇంకా పచ్చిగా ఉంది, దసరా అయ్యాక పగులుతుంది.

వదిన: రెండు మూడు మొక్కల నుంచి తీసుకురా. ఏ గింజ ఏ మొక్కదో కాగితం మీద రాసి పొట్లం కట్టు. ఎక్కడిదో తెలియని మొక్క నా మిద్దె ఎక్కదు ఇక.