ముందు స్వాధీనం, తర్వాత విచారణ

అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలోని పార్క్‌ల్యాండ్ బడిలో కాల్పుల్లో 17 మంది చనిపోయిన రెండు వారాలకు, 2018 ఫిబ్రవరి చివర్లో, అధ్యక్షుడు ట్రంప్ శ్వేతసౌధంలో టీవీ కెమెరాల ముందే ఒక మాటన్నారు: ముందు తుపాకులు తీసేసుకోండి, విచారణలూ గట్రా తర్వాత. తుపాకీ హక్కుల వాళ్ళు ఉలిక్కిపడ్డారు. ఎందుకో తెలీదు. రెడ్ ఫ్లాగ్ చట్టానికి, అంటే తనకో ఇతరులకో ప్రమాదమనిపించిన మనిషి దగ్గర తుపాకులు కోర్టు ఆర్డరుతో కొన్నాళ్ళు తీసేసుకునే చట్టానికి, అంత పొట్టి తాత్పర్యం ఏ లాయరూ చెప్పలేదు.

మరుసటి నెలలోనే ఫ్లోరిడా ఆ తాత్పర్యానికి సెక్షన్లు రాసుకుంది. అక్కడ పిటిషన్ వేసేది పోలీసులే. జడ్జి అదే రోజో, మర్నాడు కోర్టు తెరిచాకో, కావాలంటే ఫోన్లోనే విని తాత్కాలిక ఆర్డరు ఇవ్వొచ్చు. ప్రతివాది రానక్కర్లేదు. తన మీద కేసుందని తెలియనక్కర్లేదు కూడా. పౌరుడికి ప్రయాణ ఖర్చులు మిగిల్చే ఇంత దయగల కోర్టు ఇంకెక్కడుంది? తుపాకులు, తూటాలు, దాచుకు తిరిగే లైసెన్సు అప్పగించేశాక, 14 రోజుల్లోపు అసలు విచారణ. అందులో ఓడితే ఏడాది దాకా ఆర్డరు.

ఆ విచారణకు సర్కారు ఖర్చుతో లాయర్ని అడగకండి. ఇది క్రిమినల్ కేసు కాదు నాయనా, ముందుజాగ్రత్త మాత్రమే. కాకపోతే ఆర్డరు ఉండగా తెలిసీ తుపాకీ దగ్గరుంచుకుంటే అది ఫెలనీ, అంటే పెద్ద నేరమే, అయిదేళ్ళ దాకా జైలు. కొలరాడోకు మాత్రం చాదస్తం ఎక్కువ, ప్రతివాదికి లాయర్ని కోర్టే పెడుతుంది.

అసలు రసమంతా ఏడాది ఆర్డరు వచ్చాక ఉంది. ఫ్లోరిడాలో దాన్ని రద్దు చేయమని ఆ గడువులో ఒక్కసారే అడగొచ్చు. అప్పటిదాకా పిటిషనర్ మీదున్న రుజువు భారం అప్పుడు ప్రతివాది నెత్తికెక్కుతుంది: నేను ప్రమాదకరం కాదని స్పష్టంగా, నమ్మకం కలిగేలా అతనే నిరూపించుకోవాలి. చేయబోని పనికి సాక్షుల్ని ఎక్కణ్ణించి తేవాలి? ఆరు నెలలుగా ఎవరి జోలికీ పోలేదండీ అంటే, ఆర్డరు ఉంది కాబట్టే పోలేదు అంటారు. పోతే ఎటూ జైలే.

ఇంత పకడ్బందీ ఏర్పాటులోనూ చిన్న లోటుంది: ఆర్డరు పట్టుకుని ఎవరో ఒకరు తలుపు తట్టాలి. మేరీలాండ్‌లో చట్టం అమలైన అయిదు వారాలకు పోలీసులు అలాంటి ఆర్డరుతో తెల్లవారుజామున, అయిదు దాటగానే, ఒకాయన ఇంటికి వెళ్ళారు. ఆయన తుపాకీతోనే తలుపు తీశాడు, కాల్పుల్లో చనిపోయాడు. ఆయుధం ఉందనే కదా వెళ్ళింది! చీకట్లో తట్టినప్పుడు మనిషి దేంతో తలుపు తీస్తాడో ఊహించే సెక్షన్ ఇంకా రాయలేదు.

అలాగని తాత్కాలిక ఆర్డరే వద్దనడానికీ లేదు. 1999లో ఈ పని మొదలుపెట్టిన కనెక్టికట్‌లో స్వాధీనాలు ఎక్కువగా ఆత్మహత్య భయంతో జరిగినవే. చావాలనుకున్నవాడు 14 రోజులు నోటీసు ఇచ్చి ఆగడు. తొందర మొదటి రాత్రికి అవసరం, నిజమే. లాయరు లేకపోవడం, తిరగబడ్డ రుజువు భారం ఏ అత్యవసరానికి పనికొస్తాయో మాత్రం అర్థం కాదు.

మన దగ్గర ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్లో జమ చేయమంటారు, చేసి రసీదు తెచ్చుకుంటాం. అక్కడ తుపాకీ రాజ్యాంగం రెండో సవరణ ఇచ్చిన హక్కు, కాబట్టి వీరావేశం తప్పదు. ఓక్లహోమా వీరులైతే 2020లో మరో మెట్టెక్కారు: తమ రాష్ట్రంలో ఏ ఊరూ, ఏ కౌంటీ రెడ్ ఫ్లాగ్ చట్టం చేయకూడదు, దానికోసం గ్రాంటు కూడా పుచ్చుకోకూడదు. ఏ ఊరు ఏం చేయబోయిందని? ఇంకా ఏమీ చేయలేదు. చేస్తుందేమోనన్న అనుమానం మీద, దాని వాదన వినకుండానే, ముందుగా ఆయుధం లాక్కున్నారు. గడువు ఏడాది కూడా కాదు, శాశ్వతం.