సవరణ: ‘పెంటిమెంట్’లో హంతకుడు ఎవరు?

హత్య కేసును మనమే విచారించే వీడియో గేమ్ ‘పెంటిమెంట్’ (2022) గురించి ఇంతకుముందు రాసిన పోస్టులో “మనం ఎవరి పేరు చెబితే వాళ్లే హంతకులు” అన్న వాక్యం ఉంది. దాన్ని ఇలా మార్చి చదవండి: మనం ఎవరి పేరు చెబితే వాళ్లకే శిక్ష పడుతుంది. చంపింది ఎవరో గేమ్ తేల్చి చెప్పదు.

ఈ తేడా చిన్నదేం కాదు. కథ 1518 నాటి బవేరియాలో (ఇప్పటి జర్మనీ), ఒక ఊళ్లో మొదలవుతుంది. బారన్ (జమీందారు లాంటి ప్రభువు) లోరెంజ్ హత్య నేరం పియెరో అనే ముసలి సన్యాసి మీద పడుతుంది. ఆయన్ని కాపాడాలంటే చిత్రకారుడు ఆండ్రియాస్‌గా మనం ఇంకొకరిని చూపించాలి. టైమేమో తక్కువ. ఒక ఆధారం వెంట పడితే పూట గడిచిపోతుంది, ఇంకోటి చేజారుతుంది. బారన్ మీద కడుపుమంటతో ఉన్న వితంతువు ఒట్టీలియాను అనుమానించడం మహా తేలిక. గట్టి రుజువు మాత్రం దొరకదు. ఏడేళ్ల తర్వాత అదే ఊళ్లో అడుగుపెడితే, జనం ఆ శిక్షను మర్చిపోయి ఉండరు.

ఓడలో చనిపోయినవాళ్లకు, మాయమైనవాళ్లకు ఏమైందో కనిపెట్టే ‘ఓబ్రా డిన్’ గేమ్‌లో అయితే, ముగ్గురి సంగతి సరిగ్గా రాస్తే అది నిజమేనని గేమే ఖాయం చేస్తుంది. ఇక్కడ ఆ భరోసా లేదు, టెన్షనంతా అందుకే.

ఇంకోటి. ఊళ్లోవాళ్లకు రహస్యంగా చీటీలు రాసి, కథలో జరిగే హత్యలకు ఉసిగొల్పింది ఎవరో మాత్రం చివర్లో తెలుస్తుంది, అది మన ఎంపికలతో మారదు. పేరు చెప్పను, ఆడబోయేవాళ్లు తిట్టుకుంటారు.