పక్క కౌంటర్‌లో అడగండి

అంతా ఆన్‌లైన్ అయిపోయాక "ఇక్కడ కాదండీ, పక్క కౌంటర్‌లో అడగండి" అనే మాట ఎక్కడ అంతరించిపోతుందోనని దిగులుపడేవాణ్ణి. అనవసరంగా పడ్డాను. ఆ సంప్రదాయం వెబ్‌సైట్లలో నిక్షేపంగా ఉంది. అక్కడ దాని పేరు రీడైరెక్ట్.

మొన్న రాత్రి సర్టిఫికెట్ కోసం ఓ ఆఫీసు సైటు తెరిచాను. మూడు డబ్ల్యూలు పెట్టి కొడితే, అవి లేని అడ్రస్‌కు పొమ్మంది. అక్కడికి పోతే, డబ్ల్యూలు లేకుండా ఎలా వచ్చావని వెనక్కి తోలింది. పాపం క్రోమ్, 20 సార్లు తిరిగి చేతులెత్తేసింది. పైగా కుకీలు డిలీట్ చేసి చూడమని నాకే సలహా!

మా పైపోర్షన్ కుర్రాడికి ఇదే ఉద్యోగం. "సైటు సెట్టింగులుండే హోస్టింగ్ ప్యానెల్లో ఒకరు ఓ రూల్ పెట్టారు అంకుల్, సర్వర్‌లో ఇంకొకరు దానికి ఎదురు రూల్ పెట్టారు" అన్నాడు. ఎంత సిన్సియర్ మనుషులు! ఎవరి డ్యూటీ వాళ్లు చేశారు.

వాడు ఇంకా చెప్పాడు. అడ్రస్ మొదట్లో హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్, డబ్ల్యూలు ఉన్నది, లేనిది: ఒకే పేజీకి 4 అడ్రస్‌లట. చివర స్లాష్ పెడితే ఒకటి, తీసేస్తే ఒకటి, వెరసి 8. ఒకే పెళ్లికొడుక్కి ఎనిమిది శుభలేఖలన్నమాట. గూగుల్‌కు అసలుది ఏదో తేలదు. ఒక అడ్రస్‌లో లాగినైతే ఇంకో అడ్రస్ "తమరెవరు?" అంటుంది. ఎప్పుడో ఇల్లు మారినవాళ్లు శాశ్వతమని చెప్పే రీడైరెక్ట్ కోడ్ 301 పెట్టకుండా, ఊరెళ్లాం, వచ్చేస్తాం అన్నట్టు 302 తగిలించి కూర్చుంటారు.

అసలు అడ్రస్ ఏదో చెప్పే కనానికల్ ట్యాగు కోసం 2009లో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ ఒక్క మాట మీదికొచ్చాయి. ప్రత్యర్థులు కాబట్టి కుదిరింది. మనవాళ్లది ఒకే ఆఫీసు, ఎలా కుదురుతుంది?

మరి మందేమిటయ్యా అంటే, ఒక అడ్రస్ ఖాయం చేసుకుని, మిగతా ఏడింటినీ ఒక్క గెంతులో 301తో అక్కడికే పంపాలట. సైటు లోపలి లింకుల్లోనూ అదే రాయాలట. ఎదురు రూల్ పీకేయాలట. ఇదెక్కడి దుందుడుకుతనం! ఒకటి ఖాయం చేస్తే దానికి ఎవరో సంతకం పెట్టాలి కదా?

తెల్లారి ఆఫీసుకే వెళ్లాను. "ఇదంతా ఆన్‌లైనే సార్" అంటూ గుమస్తా గారు చీటీ మీద అడ్రస్ రాసిచ్చారు. చూస్తే రెండే డబ్ల్యూలున్నాయి.

ఇంటికొచ్చి అదీ కొట్టి చూశాను.