గేమ్ లాంచర్ గారికి, మారతహళ్ళి నుంచి

మహారాజశ్రీ గేమ్ లాంచర్ గారి దివ్య సముఖానికి,

బెంగళూరు మారతహళ్ళి నుంచి నమస్కరించి రాయునది. ఆన్‌లైన్ దుకాణంలో కొన్న ఆట ఆడాలంటే సాధారణంగా ముందు తెరవాల్సిన ఆ దుకాణపు ప్రోగ్రామే తమరు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా తాతగారు నేర్పిన పద్ధతి. మీ కుశలం నేను అడగక్కర్లేదు, టాస్క్ మేనేజర్‌లో కనబడుతూనే ఉంది. ఆట మొదలవకముందే బోలెడంత ర్యామ్ ఆరగించి కూర్చున్నారు. మా కుశలమే అంతంతమాత్రం.

సంగతేమిటంటే, మేం నలుగురం. నేనూ మా రూమ్మేటూ ఇక్కడ ఒకే ఫ్లాట్‌లో ఉంటాం. మా పిన్ని కొడుకు తెనాలిలో, కాలేజీలో మా సీనియర్ అయిన అన్న డల్లాస్‌లో. వారమంతా ఎవరి ఆఫీసు గొడవ వాళ్ళది. శనివారం రాత్రి పదిన్నరకి, అంటే అన్నకి అక్కడ మధ్యాహ్నం పన్నెండుకి, కలిసి ఓ రెండు గంటలు ఆడుకుందామనుకున్నాం. ఒకడు ముందు నడుస్తాడు, ఒకడు వెనక కాస్తాడు, ఒకడు మందులు మోస్తాడు, మా తమ్ముడు దారి తప్పుతాడు. అలాంటి ఆట. పేరు చెప్పను, తప్పు దానిది కాదు.

నలుగురి దగ్గరా అదే ఆట ఉంది. నేను డబ్బులు పెట్టి కొన్నాను. రూమ్మేట్‌కి ఇంకో దుకాణం వాళ్ళు పండగ పూట ఉచితంగా పంచారు. తమ్ముడికి నెల చందాలో వచ్చింది. అన్న మూడేళ్ళ కిందట ఏదో సేల్‌లో కొని మరిచిపోయాడు. ఎక్కడ కొన్నాడో వెతుక్కోవడానికే ఇరవై నిమిషాలు పట్టింది.

రూమ్మేట్ గది నా గదికి ఆనుకునే ఉంటుంది. వాడు తుమ్మితే నా మైక్‌లో పడుతుంది. మీ లెక్కలో మాత్రం వాడు లేడు. పేరు కొట్టి వెతికితే ‘ఎవరూ దొరకలేదు’ అన్నారు. అనుమానం వచ్చి లేచి వెళ్ళి తలుపు తీసి చూశాను. ఉన్నాడు. మిక్చర్ తింటున్నాడు.

ఆట లోపల ఒక కోడ్ వస్తుందనీ, ఏ దుకాణంలో కొన్నవాడైనా అది కొట్టి లోపలికి రావచ్చనీ తమ్ముడు ఎక్కడో చదివాడట. నిజంగానే వచ్చింది. ఎనిమిది అక్షరాలు, కాపీ చేసుకునే వీల్లేదు. బయటికొచ్చి టైప్ చేద్దామంటే ఆట మూసుకుపోతోంది. ఇక హెడ్‌సెట్‌లో చదివి వినిపించడమే.

“బి ఫర్ బెంగళూరు, సెవెన్, ఓ...”

“ఓ నా, సున్నానా అన్నా?”

“ఓ రా. గుండ్రంగా ఉంటుంది.”

“సున్నా కూడా గుండ్రంగానే ఉంటుంది కదన్నా!”

“అది కోడిగుడ్డు, ఇది నిమ్మకాయ.”

డల్లాస్ నుంచి అన్న అందుకున్నాడు. “ఒరేయ్, నాకిక్కడ రెండూ గుడ్లే.”

మూడోసారికి కోడ్ కుదిరింది. అప్పుడు తమరు నోరు విప్పి ‘వెర్షన్ సరిపోలడం లేదు’ అని సెలవిచ్చారు. ఆట చేసినవాళ్ళు ఏదైనా మరమ్మతు చేస్తే, దాన్ని ప్రతి దుకాణంలోనూ విడివిడిగా పెట్టాలట. కొన్నిచోట్ల వాళ్ళ పరిశీలన అయ్యాకగాని బయటికి రాదట. నాకు మంగళవారం వచ్చిన అప్‌డేట్ తమ్ముడికి శనివారానికీ రాలేదు. వాడిది పాత ఆట, మాది కొత్త ఆట. ఇంతలో డల్లాస్‌లో రెండయింది, వదిన అన్నానికి పిలిచింది. ఆ రాత్రి మేం చంపిన రాక్షసుల సంఖ్య సున్నా. ఓ కాదు, సున్నాయే.

అయ్యా, మా పేట బస్సుల సంగతి మీకు తెలియదు. శుక్రవారం రాత్రి మారతహళ్ళి వంతెన దగ్గర నిలబడితే విజయవాడ, నెల్లూరు, తిరుపతి బస్సులు వరసగా వస్తాయి. ఒకడు ఒక యాప్‌లో టికెట్ కొంటాడు, ఇంకోడు వేరే యాప్‌లో. ముందుచూపు లేనివాడు రోడ్డు మీదే డ్రైవర్‌ని బతిమాలుకుని క్యాబిన్‌లో కూర్చుంటాడు. ఎక్కాక అందరిదీ అదే బస్సు. అర్ధరాత్రి టీ కోసం ఆపినప్పుడు అందరూ అదే కొట్టు ముందు వణుకుతారు. “నువ్వు ఆ యాప్‌లో కొన్నావు కాబట్టి పక్క సీట్లో ఉన్న మీ బావ నీకు కనబడడు” అని ఏ క్లీనరూ అనలేదు ఇంతవరకూ.

మీ వంశచరిత్ర కూడా కొంత చూశాను. ఈ ఆటల దుకాణాల్లో పెద్దాయన స్టీమ్ 2003 సెప్టెంబరులో పుట్టారు. మరుసటి ఏడాది హాఫ్-లైఫ్ 2 అనే ఆట వచ్చినప్పుడు, డబ్బా కొనుక్కుని డిస్క్ చేతిలో పట్టుకున్నవాళ్ళు కూడా స్టీమ్‌లో ఖాతా తెరిస్తేగాని ఆడలేకపోయారు. అప్పట్లో జనం బాగా తిట్టుకున్నారు. తర్వాత అలవాటైపోయింది. 2008లో పోలండ్ నుంచి గాగ్ అనే దుకాణం వచ్చింది. తాళాలు లేకుండా ఆటలమ్ముతానంది, మీరు లేకుండానే ఆట తెరుచుకోవచ్చంది. మీ ఇంట్లో మీ అవసరమే లేదన్న చుట్టం, ఆయనంటే నాకు గౌరవం. 2018 డిసెంబరులో ఎపిక్ వారు కొట్టు తెరిచారు. ఆట అమ్మిన డబ్బులో స్టీమ్ మామూలుగా నూటికి 30 తీసుకుంటుంటే తమకి 12 చాలన్నారు. అక్కడి నుంచి దాయాదుల పోరు మొదలైంది. పంపకాల్లో మధ్యగోడ సరిగ్గా మా ఆట మీదుగా లేచింది.

గోడ ఎందుకు లేచిందో నాకు తెలియదని కాదు. స్టీమ్‌లో అమ్మే ఆటకి స్నేహితుల జాబితా, పిలుపులు, ఆటకి ముందు అందరూ చేరే లాబీలు, కనెక్షన్ కలిపే ఏర్పాటు అన్నీ స్టీమ్‌వర్క్స్ పేరుతో ఉచితంగా దొరుకుతాయి. చిన్న కంపెనీకి అది వరమే, సొంత సర్వర్ల ఖర్చు తప్పుతుంది. కాకపోతే ఆ ఏర్పాటుకి స్టీమ్ ఖాతా ఉన్నవాడే మనిషి. అదే ఆటని పక్క కొట్టుకి తీసుకెళ్తే పునాది ఇక్కడే ఉండిపోతుంది. అక్కడ మళ్ళీ తవ్వుకోవాలి, ఆ తర్వాత రెంటికీ మధ్య వంతెన కట్టుకోవాలి. తవ్వే ఓపిక అందరికీ ఉండదు.

ఎపిక్ వారి దగ్గర ఏ దుకాణపు ఆటకైనా పనికొచ్చే అలాంటి సరంజామా ఉచితంగానే ఉంది. 2022లో దానికి స్టీమ్ వాళ్ళూ ఎపిక్ వాళ్ళూ ఒకరినొకరు వెతుక్కుని పిలుచుకునే సౌకర్యం కలిపారు. 2023 మార్చిలో, తమ దగ్గర సొంతంగా ఆట పెట్టుకునేవాళ్ళు అది ఆన్‌లైన్‌లో కలిసి ఆడేదైతే మిగతా పీసీ స్టోర్ల వాళ్ళనీ రానివ్వాలని నియమం కూడా పెట్టారు. ఇది ధర్మబుద్ధో, ఎదురుకొట్టు జనం లేకపోతే తమ కొట్టు వాడికి జోడీ దొరకదన్న ముందుచూపో నేను అడగను. ఏదైతేనేం, మంచిదే.

ఇంకా విచిత్రం, స్టార్‌డ్యూ వ్యాలీ అని ఒకటుంది. ఒక్క మనిషి ఏళ్ళ తరబడి కూర్చుని చేసిన ఆట. అందులో స్టీమ్‌వాడూ గాగ్‌వాడూ ఒక కోడ్ చెప్పుకుని, ఒకే పొలంలో ముల్లంగి వేసుకుంటున్నారు. వందలమంది ఇంజనీర్లున్న చోట ఇది “సాంకేతికంగా కష్టం” అంటారు. నేనూ ఇంజనీర్నే. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక అద్దాల మేడలో కూర్చుని, ఇదే మాట రోజుకి రెండుసార్లు మా మేనేజర్‌తో అంటుంటాను. కాబట్టి దాని అర్థం నాకు బాగా తెలుసు.

మధ్యలో నేనొక తెలివితక్కువ పని చేశాను. సేల్ వచ్చినప్పుడు అదే ఆటని రూమ్మేట్ దుకాణంలో రెండోసారి కొన్నాను. నా పాత ఆటలో తొంభై గంటల కష్టం ఉంది. మంచి కవచం, ఊళ్ళో పరపతి, ఒక గుర్రం. అదంతా పాత దుకాణంలోనే ఆగిపోయింది. కొత్తదాంట్లో చేతికి ఒక కట్టె ఇచ్చి, లెవెల్ ఒకటి అన్నారు. పక్కన రూమ్మేట్ ముప్పై నాలుగో లెవెల్‌లో ధగధగ మెరుస్తున్నాడు. “నువ్వు వెనకాల నిలబడరా, నేను చూసుకుంటా” అన్నాడు. ఇంటద్దెలో వాడు నాకు రెండు నెలలు బాకీ. ఆ మాట ఆ క్షణంలో గుర్తుచేయడం బాగుండదని ఊరుకున్నాను.

పోనీ వేరే ఖాతా ఒకటి మధ్యలో పెడితే కలవొచ్చంటారు. దుకాణం ఖాతా మీద ఆట కంపెనీ ఖాతా, దాని మీద ఈమెయిల్ నిర్ధారణ, దాని మీద ఓటీపీ. ఆ మెయిల్ ఎప్పుడూ స్పామ్‌లోనే పడుతుంది. 2024 మేలో సోనీ వారు స్టీమ్‌లో హెల్‌డైవర్స్ 2 ఆడేవాళ్ళని తమ ప్లేస్టేషన్ నెట్‌వర్క్ (పీఎస్ఎన్) ఖాతా కూడా జోడించి తీరాలన్నారు. జనం కుప్పలుతెప్పలుగా నెగటివ్ రివ్యూలు రాసేసరికి కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు. మా నలుగురికి అంత బలం లేదు. ఒక రివ్యూ రాయాలన్నా నాలుగు దుకాణాల్లో విడివిడిగా రాయాలి.

మిమ్మల్నందరినీ ఒక్కటై పొమ్మనట్లేదు. పాలివాళ్ళు అంత తేలిగ్గా కలవరు. ఆట పేజీలో ధర పక్కన ఒక్క ముక్క రాయించండి, చాలు: ఫలానా దుకాణాల వాళ్ళతో ఆడొచ్చు, ఫలానా వాళ్ళతో కుదరదు అని. ఇప్పుడు ‘క్రాస్ ప్లాట్‌ఫామ్’ అని ఓ చీటీ అంటిస్తున్నారుగాని, అది టీవీకి తగిలించే కన్సోల్ పెట్టెలవాళ్ళ మాటో పక్కకొట్టువాళ్ళ మాటో తేలదు. ‘మల్టీప్లేయర్’ అని మాత్రం ఇంత లావు అక్షరాల్లో వేస్తారు. శుభలేఖలో విందు సంగతి రాసి మండపం పేరు రాయనట్టుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
నాలుగు దుకాణాల షరతులూ చదవకుండా ఒప్పుకున్న
తమ విధేయుడు

తా.క.: జవాబు పంపేటప్పుడు నా ఏ ఖాతాకి పంపుతున్నారో కాస్త చూసుకోండి. రెండో దానికి పంపితే నేను కనబడను. రూమ్మేట్‌కి చెప్పినా సరే, గోడ కొట్టి పిలుస్తాడు.