బస్సు కదిలేదెప్పుడో, మనం చేరేదెప్పుడో!

రాజమండ్రి కోటిపల్లి బస్టాండ్‌లో బస్సెక్కితే దేవీచౌక్ దాటేలోపు మనిషికి వైరాగ్యం వచ్చేస్తుందండీ. బస్సు మెల్లగా వెళ్తుందని కాదు నా గోల, అసలు వెళ్లదు. స్టాపులో ఆటోలు అడ్డం. నడిరోడ్డు మీద ఆపితే జనం పరుగో పరుగు. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకే తలుపు దగ్గర తోపులాట. మెట్టు మీద అరటిగెల పెట్టుకున్న పెద్దాయన "కాస్త జరగండి బాబూ" అంటాడేగానీ తను అంగుళం జరగడు. పైగా టికెట్లు పూర్తయ్యేదాకా బస్సు పక్కన ఆపేస్తారు, ఇంజను మాత్రం ఆపరు.

అరగంట ఒక్కటీ రాదు, తర్వాత రెండు ఒకదాని వెనక ఒకటి. ముందుది ఆలస్యమైతే స్టాపుల్లో జనం పోగవుతారు, వాళ్లను ఎక్కించుకునేసరికి ఇంకా ఆలస్యం. వెనకది ఖాళీగా వచ్చి దాన్ని కలుసుకుంటుంది.

మన రోడ్డు కమ్ రైలు వంతెన మీద రాకపోకలు మొదలైన 1974లోనే బ్రెజిల్‌లోని కురిటిబాలో బస్సులకు ప్రత్యేక దారి ఇచ్చారు. 1991 నుంచి అక్కడ స్టాపులోనే డబ్బు కట్టేసి, బస్సు ఎత్తులో ఉన్న అరుగు మీంచి నేరుగా లోపలికి అడుగేస్తున్నారు. మన ఇరుకు రోడ్లకు అంత హంగు పట్టదు, ఒప్పుకుంటా. రద్దీ వేళ స్టాపులో ముందే టికెట్లు కొట్టడానికి ఒక మనిషి, ఆటోలు దూరకుండా కాస్త జాగా చాలు. ఎటూ 2027 పుష్కరాలకి హడావిడిగా రోడ్లన్నీ ఖాళీ చేయిస్తారుగా, ఆ ఆటోల సంగతేదో ఇప్పుడే చూడొచ్చు కదండీ!