నలభై కాళ్లు, ఒక మార్కు

"తొలినాళ్ల మైక్రోప్రాసెసర్లను పోల్చండి. పది మార్కులు."

దీనికి జవాబు రాయాలంటే ప్రాసెసర్ గురించి తెలియనక్కర్లేదు. జవాబంటే ఒక టేబుల్, కాబట్టి స్కేలు ఉండాలి, పెన్సిలు బాగా చెక్కి ఉండాలి. గీత వంకరపోతే ఆర్కిటెక్చర్ కూడా వంకరపోయినట్టే లెక్క.

మొదటి వరుస పిన్నులది, అంటే చిప్పుకుండే లోహపు కాళ్లది. ఇంటెల్ 8080కి 40. మోటరోలా 6800కి 40. ఎంఓఎస్ 6502కి 40. జైలాగ్ జెడ్80కి, కంగారు పడకండి, 40. పోలిక పూర్తయింది. తలా నలభై కాళ్లు అని తేలింది. పక్కన ఇంకో గడి గీస్తే జెర్రి కూడా వచ్చి నిలబడుతుంది. ఈ మహత్తర సత్యానికి ఒక మార్కు.

మా మేష్టారు పేపరు చదివేవారు కాదు, వేలితో వరుసలు లెక్కపెట్టేవారు. ఎనిమిది దాటితే ఫుల్ మార్కులు. మావాడొకడికి ఏడు దగ్గర బుర్ర ఆగిపోయింది. ఎనిమిదో వరుసలో "ఇంగువ: ఉంది, లేదు, ఉంది, లేదు" అని రాశాడు. చక్కగా టిక్కు పడింది. తొమ్మిదోది ఆవాలు. దానికీ పడింది.

ఇక మెగాహెర్ట్జ్, అంటే చిప్పుని నడిపే క్లాకు సెకనుకు ఎన్ని పది లక్షల సార్లు కొట్టుకుంటుందనేది. 8080కి 2, 6502కి 1. కాబట్టి మొదటిది రెట్టింపు వేగం, టిక్కు! కానీ మెమరీ నుంచి ఒక్క బైటు నేరుగా తెచ్చుకోవడానికి 8080కి 13 క్లాకులు, అంటే ఆరున్నర మైక్రోసెకన్లు. 6502కి 4 క్లాకులు, నాలుగే మైక్రోసెకన్లు. చిన్న భాగహారం. మా క్లాసులో ఒకమ్మాయి ఈ లెక్క వేసి చూపించింది. గడి దాటి మార్జిన్‌లోకి వచ్చిందని ఎర్ర ఇంకుతో కొట్టేశారు.

ఇక్కడ నాకు నవ్వు రాదు. ఏ డిజైనరు దేన్ని వదులుకున్నాడు, ఎందుకు వదులుకున్నాడు, అసలు అడగాల్సింది అదీ! 6800లో రెండు అక్యుములేటర్లు, అంటే లెక్క చేసి ఫలితం ఉంచుకునే చోట్లు. మోటరోలా వదిలి వచ్చిన చక్ పెడ్డిల్ బృందం 6502లో ఒకటి పీకేసింది, చిప్పు చిన్నదైతే చవకవుతుందని. 8080 మొదట్లో 360 డాలర్లు. 6502ని 1975లో 25కే ఇచ్చారు. ఎగ్జిబిషన్ హాల్లో అమ్మకూడదంటే హోటల్ గదిలో గాజు సీసాలో పోసి అమ్మారు, కొట్లో బిళ్లల్లాగా. ఆ ధర వల్లే అది ఆపిల్ మొదటి కంప్యూటర్‌లోకి వెళ్లింది. ఆ పాతిక డాలర్లకు మీ టేబుల్లో గడి ఏదండీ?

ఆ అమ్మాయే లేచి అడిగింది, "సార్, ధర కూడా రాయొచ్చా?" అని.

"సిలబస్‌లో లేదు, కూర్చో."

ఇంగువ ఉందా సార్, సిలబస్‌లో?