కోటీశ్వరుల ఏకాదశి

మా తాతగారి స్నేహితులొకాయన ప్రతి ఏకాదశికీ నిష్ఠగా ఉపవాసం ఉండేవారు. ఆ రోజు అన్నం మెతుకు ముట్టేవారు కారు. పొద్దున జీడిపప్పు దండిగా వేసిన ఉప్మా, మధ్యాహ్నం అరడజను చక్రకేళీలు, సాయంత్రం బెల్లం కలిపిన అటుకులు, రాత్రికి ఒక పెద్ద చెంబుడు మీగడ పాలు మాత్రమే పుచ్చుకుని, మర్నాడు ద్వాదశి పారణ దాకా అలాగే ఓర్చుకునేవారు. ఆ ఇంట్లో ఏకాదశినాడు అన్నం వార్చరు కాబట్టి పాలేరుకు మాత్రం ఆ పూట నిజంగానే పస్తు. ఉపవాసం యజమానిది, ఆకలి పాలేరుది. పుణ్యం ఎవరి ఖాతాలో పడిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ వ్రతాన్ని అంతకన్నా శ్రద్ధగా, కోట్ల డాలర్ల స్థాయిలో ఆచరించే మహానుభావులను చూసే భాగ్యం నాకు ఉద్యోగరీత్యా డాలస్ పక్కన ఉన్న ఫ్రిస్కోకు వచ్చాక గాని కలగలేదు. వారు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లోని జట్ల యజమానులు. వారి వ్రతం పేరు శాలరీ క్యాప్. 1994లో మొదలైనప్పుడు జట్టుకు 3.46 కోట్ల డాలర్లుగా ఉన్న ఈ పరిమితి 2025 నాటికి 27.92 కోట్ల డాలర్లకు చేరింది. ఒక జట్టు తన ఆటగాళ్లందరి జీతాల కింద ఏడాదికి ఇంతకు మించి లెక్కలో చూపకూడదు. 'ఇవ్వకూడదు' అనకుండా 'చూపకూడదు' అని ఎందుకన్నానో ఉప్మా దగ్గరికి వచ్చినప్పుడు విన్నవిస్తాను.

ఆటగాళ్ల జీతాలను అణచిపెట్టడానికే ఈ పరిమితి పుట్టిందని గిట్టనివారు అంటారు. అది అపచారం. యజమానుల వాదన ప్రకారం ఇది పేద జట్లను కాపాడే ధర్మగోడ. ఇది లేకపోతే న్యూయార్క్ వంటి మహానగరాల ధనవంతులు మంచి ఆటగాళ్లందరినీ కొనేసుకుంటారు, విస్కాన్సిన్ రాష్ట్రంలో లక్షకు కాస్త పైబడిన జనాభా గల గ్రీన్ బే వంటి చిన్న ఊరి జట్టు చితికిపోతుంది. వాదన వినసొంపుగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, మొత్తం 32 జట్లలో సామాన్య ప్రజలు వాటాదారులుగా ఉన్నది ఆ గ్రీన్ బే ప్యాకర్స్ ఒక్కటే గనుక, ఏటా లెక్కలు బయటపెట్టే జట్టు కూడా అదొక్కటే. మిగతా 31 జట్ల లెక్కలు ఆ దేవుడికీ, వారి ఆడిటర్లకే ఎరుక. 2024 సీజన్‌కు ఆ పేద ఊరి జట్టుకు లీగ్ ఉమ్మడి ఆదాయం నుంచి వచ్చిన వాటా 43.26 కోట్ల డాలర్లు. ఉమ్మడి ఆదాయాన్ని అందరికీ సమానంగా పంచుతారు కాబట్టి మిగతావారికీ అంతే అందింది. ఆ ఏడాది శాలరీ క్యాప్ 25.54 కోట్ల డాలర్లు. అంటే ఒక్క టికెట్టు గాని, ఒక్క బీరు గ్లాసు గాని అమ్మకముందే, ఆటగాళ్ల బీమా, పింఛన్ల వంటివి కలుపుకున్నా సరే, జీతాల ఖర్చంతా పోగా కోట్లు మిగులుతున్నాయి. 2021లో టీవీ సంస్థలతో 11 ఏళ్లకు సుమారు 11,000 కోట్ల డాలర్లకు ఒప్పందాలు చేసుకున్న సంస్థలో ఇలా మిగలడం వింతేమీ కాదు. జన్మలో సోషలిజం మాట ఎత్తితే ఒంటికాలి మీద లేచే ఈ పెద్దమనుషులు తమలో తాము మాత్రం ఆదాయాన్ని అణాపైసలతో సహా సమానంగా పంచుకోవడం, ఏటా కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో ఆఖరున వచ్చిన జట్టుకు మొదటి ఎంపిక ఇచ్చి ఆదుకోవడం చూస్తే, చివరికి వర్గరహిత సమాజాన్ని సాధించింది కోటీశ్వరులేనని ఒప్పుకోక తప్పదు.

ఈ పరిమితితో పాటు ఆటగాళ్లకు వరంగా దొరికింది ఫ్రీ ఏజెన్సీ. కాంట్రాక్టు ముగిసినవాడు తనకు నచ్చిన జట్టుకు పోవచ్చునన్న చిన్న విషయాన్ని ఒప్పుకోవడానికి లీగ్‌కు ముప్పై ఏళ్లు పట్టింది. 1963లో కమిషనర్ పీట్ రోజెల్ పేరు మీదుగా వచ్చిన నియమం ప్రకారం, అలా వెళ్లినవాడిని తీసుకున్న జట్టు పాత జట్టుకు నష్టపరిహారం చెల్లించాలి. ఎంతన్నది కమిషనర్ గారి చిత్తం. జాన్ మ్యాకీ అనే ఆటగాడు కోర్టుకెక్కి 1976లో దాన్ని కొట్టేయించాడు. 1989లో వచ్చిన 'ప్లాన్ బి' కింద ప్రతి జట్టూ 37 మందిని తన దగ్గరే కట్టేసుకుని, అక్కర్లేనివారికి ఉదారంగా స్వేచ్ఛ ప్రసాదించేది. 1992లో ఫ్రీమన్ మెక్‌నీల్ అనే ఆటగాడి కేసులో జ్యూరీ దాన్నీ తప్పుపట్టాక, 1993లో గాని అసలు తలుపు తెరుచుకోలేదు. ఆ తలుపులోంచి పేరుమోసిన డిఫెన్స్ ఆటగాడు రెజీ వైట్ నాలుగేళ్లకు 1.7 కోట్ల డాలర్లు తీసుకుని గ్రీన్ బేకు నడిచాడు. ఆ మర్నాటి ఏడాదే క్యాప్ వచ్చింది. ఒక చేత్తో తాళం తీసినవారు రెండో చేత్తో గుమ్మం ఎత్తు తగ్గించారు.

పైగా ఆ స్వేచ్ఛ అందరికీ ఊరికే రాదు. నాలుగు సీజన్లు ఆడాలి. ఒక ఆటగాడి సగటు ఆట జీవితం సుమారు 3.3 ఏళ్లని ఆటగాళ్ల సంఘం చెబుతుంది. ఆ లెక్క తప్పని లీగ్ వాదిస్తుంది. ఏది నిజమైనా, సగటు ఆటగాడికి స్వేచ్ఛ మోకాళ్లు అరిగేనాటికి అందుతుందన్న మాట. ఈలోగా ఏం జరుగుతుందో చూడాలంటే బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీని చూడాలి. 2022 డ్రాఫ్టులో 262వ వాడిగా, అంటే చిట్టచివరి వాడిగా, శాన్ ఫ్రాన్సిస్కో అతన్ని తీసుకుంది. 2023 సీజన్‌లో అతను లీగ్ మొత్తంలో బంతి విసరడంలో అత్యుత్తమ రేటింగ్ సాధించి జట్టును లీగ్ ఆఖరి పోటీ సూపర్ బౌల్‌కు తీసుకెళ్లాడు. ఆ ఏడాది అతని జీతం 8.7 లక్షల డాలర్లు. క్వార్టర్‌బ్యాక్‌లు కొందరికి అది రెండు వారాల జీతం కూడా కాదు. పాపం, శాన్ ఫ్రాన్సిస్కో యజమానులు పెంచుదామని తహతహలాడి ఉన్నా, మూడు సీజన్లు పూర్తయ్యేదాకా కొత్తవాడి కాంట్రాక్టును తిరగరాయరాదన్న నిబంధన వారి చేతులు కట్టేసింది. ఆ తాడు పేనినవారిలో తామూ ఉన్నామన్న సంగతి వారికి ఆ సమయంలో గుర్తురాలేదు.

నాలుగేళ్లూ గడిచి గేటు దాకా వచ్చినవాడి కోసం ఫ్రాంచైజ్ ట్యాగ్ ఉంది. జట్టు ఏటా ఒక ఆటగాడి మెడలో ఇది వేసి, "నీ మీద ప్రేమ కొద్దీ ఇంకో ఏడాది ఉంచుకుంటున్నాం" అనవచ్చు. అతని స్థానంలో ఆడేవారిలో అగ్రశ్రేణి ఐదుగురి జీతాల సగటు ఆధారంగా ఆ ఏడాదికి డబ్బు ముట్టజెబుతారు. కాలు విరిగితే మర్నాటి ఏడాది పూచీ మాత్రం ఎవరిదీ కాదు. పిట్స్‌బర్గ్‌లో లెవియాన్ బెల్ 2018లో రెండోసారి ఈ దండను మెడలో వేయించుకోనని 1.45 కోట్ల డాలర్లు వదులుకుని ఏడాదంతా ఇంట్లో కూర్చున్నాడు. గ్రీన్‌కార్డు వరుసలో నిలబడి, యజమాని దయతో హెచ్‌1బీ పొడిగించుకుంటూ కాలక్షేపం చేస్తున్న నావంటివాడికి ఈ ట్యాగ్ గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. తేడా అల్లా, ఇంట్లో కూర్చునే వెసులుబాటు బెల్‌కు ఉంది.

ఇక ఉప్మా సంగతి. ఆటగాడికి సంతకం చేసిన రోజున 5 కోట్ల డాలర్ల బోనస్ ఇచ్చారనుకుందాం. సొమ్ము వెంటనే అతని బ్యాంకులో పడుతుంది. క్యాప్ లెక్కలో మాత్రం దాన్ని ఐదేళ్ల మీద పరిచి, ఏడాదికి కోటి చొప్పున రాసుకుంటారు. అతని కాంట్రాక్టు రెండేళ్లదే అయితే ఇంకో మూడు ఉత్తుత్తి సంవత్సరాలు తగిలిస్తారు. వాటిని వాయిడ్ ఇయర్స్ అంటారు. ఆ ఏళ్లలో అతను ఆడడని జట్టుకు తెలుసు, అతనికి తెలుసు, లీగ్‌కు తెలుసు; క్యాప్ ఒక్కటే అమాయకంగా నమ్ముతుంది. ఈ పాకశాస్త్రంలో న్యూ ఓర్లీన్స్ సెయింట్స్‌ది అందెవేసిన చెయ్యి. 2021లో ఆ జట్టు పరిమితి కంటే దాదాపు 10 కోట్ల డాలర్లు పైన ఉంది. రిటైర్ కాబోతున్న క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ తన 2.5 కోట్ల డాలర్ల జీతాన్ని ఫిబ్రవరిలో 10.75 లక్షలకు తగ్గించుకుని, తర్వాతి నెలలో రిటైరయ్యాడు. తీసుకోబోని జీతాన్ని తగ్గించుకోవడం కన్నా గొప్ప త్యాగం ఏముంటుంది? అదే మార్చిలో టేసమ్ హిల్ అనే ఆటగాడితో నాలుగేళ్లకు 14 కోట్ల డాలర్ల పొడిగింపు కుదుర్చుకున్నారు. ఆ నాలుగేళ్లూ తమంతట తామే రద్దయిపోయేవే. ఆషాఢం సేల్‌లో చీర మీద అంటించిన అసలు ధరకు ఉన్నంత విలువే ఆ 14 కోట్లకూ ఉంది. అయినా కాగితం మీద అంత పెద్ద మొత్తం రాయడం వల్ల ఆ ఏడాది క్యాప్ మీద అతని భారం తగ్గింది! మా తాతగారి స్నేహితులకు ఈ విద్య తెలిస్తే ఏకాదశినాడు పులిహోర కూడా తినగలిగేవారు.

అయితే ఉత్తుత్తి ఏళ్లకూ అసలైన బిల్లు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. వెళ్లిపోయిన ఆటగాడి తాలూకు ఇంకా లెక్కకు రాని సొమ్మంతా ఒక్కసారి జట్టు నెత్తిన పడుతుంది. దాన్ని డెడ్ మనీ అంటారు. డెన్వర్ జట్టు 2022లో క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌కు ఐదేళ్లకు 24.5 కోట్ల డాలర్ల పొడిగింపు ఇచ్చి, ఆ పొడిగింపు ఏళ్లలో అతను ఒక్క ఆట కూడా ఆడకముందే 2024లో పంపేసింది. దాని ఫలితంగా రెండేళ్ల మీద 8.5 కోట్ల డాలర్ల డెడ్ మనీ మోయాల్సివచ్చింది. ఆ ఏడాది విల్సన్ పిట్స్‌బర్గ్‌కు ఆడాడు. పిట్స్‌బర్గ్ ఇచ్చింది 12.1 లక్షలు, మిగతా జీతమంతా డెన్వర్ భరించింది. మెతుకు లేని ఆ ఏడాదే డెన్వర్ ప్లేఆఫ్స్‌కు వెళ్లడం చూసి, ఉపవాసం ఒంటికి మంచిదని వైద్యులు ఊరికే చెప్పలేదనిపించింది.

మా ఊరి జట్టు మహిమ కూడా చెప్పుకోకపోతే ఫ్రిస్కోలో నన్ను బతకనివ్వరు. 2010లో యజమానులకూ ఆటగాళ్లకూ మధ్య ఒప్పందం చివరికొచ్చి, ఆ ఒక్క ఏడాదికీ క్యాప్ లేకుండా పోయింది. నిబంధన ప్రకారమే లేదు. లేదు కదా అని జెర్రీ జోన్స్ గారి డాలస్ కౌబాయ్స్ మైల్స్ ఆస్టిన్‌కు ఆ ఒక్క ఏడాదిలోనే 1.7 కోట్ల డాలర్ల జీతం రాసిచ్చింది. వాషింగ్టన్ జట్టు ఇంకా భారీగా వడ్డించింది. 2012 మార్చిలో లీగ్ వారిద్దరికీ శిక్ష వేసింది: వాషింగ్టన్‌కు 3.6 కోట్లు, డాలస్‌కు కోటి డాలర్ల క్యాప్ కోత. నేరం? ఏకాదశి కాని రోజున అన్నం తినడం. కోసిన మొత్తాన్ని మిగతావాటిలో 28 జట్లకు తలా 16 లక్షల చొప్పున పంచారు. జట్లు రెండూ మధ్యవర్తి దగ్గరికి వెళ్లినా లాభం లేకపోయింది. పరిమితి లేని ఏడాదిలో కూడా పరిమితిలో ఉండాలన్న ఆ అలిఖిత ధర్మాన్ని గ్రహించలేకపోవడం జోన్స్ గారి సంస్కారలోపం.

మార్చి నెల వచ్చిందంటే ముహూర్తాల హడావుడి. కొత్త లీగ్ సంవత్సరం బుధవారం సాయంత్రం 4 గంటలకు మొదలవుతుంది. అప్పటిదాకా వేరే జట్టు ఆటగాడితో సంతకం పెట్టించుకోరాదు. అయితే సోమవారం మధ్యాహ్నం నుంచి అతని ఏజెంటుతో మాట్లాడుకోవచ్చు. ఈ రెండు రోజులనూ జనం 'లీగల్ ట్యాంపరింగ్' అంటారు. చట్టబద్ధమైన దొంగతనం అన్నట్టు. సోమవారం మధ్యాహ్నం గడియారం ముల్లు కదిలిన కొద్ది నిమిషాలకే నాలుగేళ్ల కాంట్రాక్టులు కుదిరిపోయాయని వార్తలొస్తాయి. పెళ్లిచూపులు మొదలైన ఐదు నిమిషాలకే పెళ్లిభోజనాల మెనూ బయటికొస్తే చుట్టాలకు అనుమానం రాదా? లీగ్‌కు మాత్రం అప్పుడప్పుడే వస్తుంది. 2024లో క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్‌ను నాలుగేళ్లకు 18 కోట్ల డాలర్లకు కుదుర్చుకున్న అట్లాంటా జట్టు ఆ రెండు రోజుల మర్యాద మీరిందని రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసి, ఐదో రౌండు డ్రాఫ్టు ఎంపికను లాక్కుంది. ఆ ఒప్పందం కుదిరిన ఆరు వారాలకే అట్లాంటా డ్రాఫ్టులో ఎనిమిదో ఎంపికతో ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకుంది. దానికి మాత్రం ఏ నిబంధనలోనూ శిక్ష లేదు.

వ్రతభంగమంటే క్లీవ్‌లాండ్‌ది. 2022లో ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్‌కు 23 కోట్ల డాలర్లు, పూర్తిగా గ్యారంటీతో రాసిచ్చింది. మిగతా యజమానుల గుండెల్లో రాయి పడింది. జట్టుకు కాంట్రాక్టును ఏ క్షణాన్నయినా తెంచుకునే సౌకర్యం లేకపోతే ఇక కాంట్రాక్టు దేనికి? గ్యారంటీలు తగ్గించుకోమని లీగ్ జట్లను ప్రోత్సహించిందని, అయితే జట్లు కూడబలుక్కున్నాయనడానికి సాక్ష్యం చాలదని 2025 జనవరిలో ఒక మధ్యవర్తి తేల్చారు. ఆ తీర్పు ఆర్నెల్లు తిరగకుండానే జూన్‌లో బయటపడింది. అప్పటిదాకా దాన్ని గుట్టుగా ఉంచినవారిలో ఆటగాళ్ల సంఘం కూడా ఉంది. పస్తున్న పాలేరు పెద్దమనిషే "మా అయ్యగారి ఉపవాసం ఎవరికీ చెప్పకండి" అన్నట్టుంది.

2025 ఆగస్టు చివర్లో జోన్స్ గారు మైకా పార్సన్స్‌ను గ్రీన్ బేకు ఇచ్చేశారు. 1989లో 14 కోట్ల డాలర్లకు కొన్న జట్టు ఇప్పుడు వెయ్యి కోట్ల డాలర్లు దాటి పలుకుతున్నా, ఉన్నవారిలో మేటి డిఫెన్స్ ఆటగాడిని ఉంచుకోవడం ఆయనకు తలకు మించిన భారమైంది. నాలుగేళ్లకు 18.8 కోట్ల డాలర్లిచ్చి తీసుకున్నది, పైన చెప్పిన ఆ చితికిపోయే చిన్న ఊరి జట్టే. సరిగ్గా నెల తిరిగేసరికి అతను ప్యాకర్స్ తరఫున మా ఊరి పక్క ఆర్లింగ్టన్‌కే వచ్చి ఆడాడు. 40–40తో ఎవరూ గెలవలేదు.

ఆ వేసవిలోనే మా అబ్బాయికి పార్సన్స్ పేరున్న 11వ నంబరు కౌబాయ్స్ జెర్సీ కొన్నాను. ట్యాగు చించేశాం కాబట్టి దుకాణంవాడు వెనక్కి తీసుకోలేదు. ఆ ఖర్చును ఐదేళ్ల మీద పరిచే ఏర్పాటు ఏదీ లేదని క్రెడిట్ కార్డువారు సెలవిచ్చారు. నెలాఖరున ఇంటి లెక్కలు రాసుకుంటూ దీన్ని ఏ పద్దు కింద వేయాలని మా ఆవిడ అడిగింది. డెడ్ మనీ అనే విభాగం ఒకటి ఉంటుందని, అది అకౌంటింగ్‌లో చాలా సూక్ష్మమైన విషయమని పావుగంట వివరించాను. ఆమె సాంతం విని, 'దండగ' అని రాసుకుంది.